స్వాప్‌లో పోయిన మాటలు

కోరుట్లలో నేను పాఠాలు చెప్పిన కంప్యూటర్ సెంటర్‌లో ఎక్కడా రాసిపెట్టని రూలు ఒకటి ఉండేది. టైపింగ్ నేర్పడం ఆడవాళ్ల పని. పెట్టె విప్పడం, సిస్టమ్ ఎక్కించడం మగవాళ్ల పని. జగిత్యాలలో కంప్యూటర్ డిగ్రీ చదివి వచ్చిన నేనొక్కదాన్నే అక్కడ డిగ్రీ ఉన్నదాన్ని. అయినా సిస్టమ్ ఎక్కించే సీడీలన్నీ సెంటర్ నడిపే సార్ టేబుల్ సొరుగులో తాళం వేసి ఉండేవి. ఏ మిషన్ అయినా మొరాయిస్తే క్లాసు ఆపి మెకానిక్ వచ్చేదాకా కూర్చోవాలి. ఒకసారి ఆగలేక నేనే మూత విప్పబోయాను. సార్ తన గదిలోంచే కేకేశాడు.

"ఏమ్మా, ముట్టకు. అది నీ పని గాదు."

మాది కొడిమ్యాల. మా తాతకు గాని నాన్నకు గాని గుంటెడు భూమి లేదు. అమ్మ నాట్లకు, కలుపుకు, పత్తి ఏరడానికి పోయేది. ఆదివారం మాత్రం ఉతికిన చీర కట్టుకుని చర్చికి పోయేది. ముట్టకు అనే మాట మా ఇంట్లో మామూలు మాట కాదు. మా నాయనమ్మ దాన్ని బావి దగ్గర విన్నది, చాయ్ హోటల్ దగ్గర విన్నది, కిరాణా కొట్టు అరుగు మీద విన్నది. సార్ ఆ అర్థంతో అనలేదని నాకు తెలుసు. కానీ చెవికి ఆ తేడా తెలియదు. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి జరిగింది చెబితే అమ్మ ఒక్క ముక్క అన్నది.

"ముట్టద్దన్నదేందో ముందుగాల గదే ముట్టు బిడ్డా."

సెంటర్ వెనక గదిలో మూడు పాత కంప్యూటర్లు పడి ఉండేవి. కొత్తవి కొన్నాక వాటిని మూలకు నెట్టారు. ఒక్కోదానిలో ర్యామ్ రెండువందల యాభై ఆరు ఎంబీ, హార్డ్ డిస్క్ ఇరవై జీబీ. అప్పటికే అవి ముసలివి. తుక్కు కొనేవాడు వస్తే ఇచ్చేద్దామనుకుంటున్నారు. క్లాసులు అయిపోయాక వాటి మీద నేర్చుకుంటానని సార్‌ను అడిగాను.

"పాడైతే నాకేం నష్టం లేదు. పాడు జేసుకో" అని నవ్వాడు.

దాన్ని నేను అనుమతి కిందే లెక్కేసుకున్నాను.

లినక్స్ అంటే విండోస్ లాంటిదే, డబ్బు పెట్టకుండా దొరికే సిస్టమ్. నా దగ్గర రెండు రకాల లినక్స్ సీడీలు ఉండేవి, రెండూ కంప్యూటర్ పత్రికలతో పాటు ఉచితంగా వచ్చినవే. ఒకే మిషన్‌లో విండోస్‌ను చెరపకుండా ఆ రెండింటినీ పక్కపక్కన ఎక్కించాలని నా పట్టుదల. విండోస్ ఉండాలి, ఎందుకంటే ప్రింటింగ్ షాపులో పనికి పోతే అదే అడుగుతారు. మొదటి లినక్స్‌లో మెనూలన్నీ తెలుగులో వచ్చేవి. ఇంగ్లిష్ రాని వాళ్లు కూడా మౌస్ పట్టుకుని చదువుకుంటూ పోవచ్చు. రెండోది ఇంకా తేలికైనది, పాత మిషన్ మీద గబగబా నడిచేది, అందులో అక్కరకొచ్చే లెక్కల ఆటలు ఉండేవి. స్విచ్ వేయగానే మూడు పేర్లతో ఒక జాబితా వస్తుంది. బాణం గుర్తు కిందికి మీదికి జరిపి ఏది కావాలో అది తెరుచుకోవాలి.

దీనికి డిస్కును ముక్కలు చేయాలి. ప్రతి సిస్టమ్‌కూ దాని ముక్క దానికి ఉండాలి. ఇవి గాక లినక్స్‌కు ఇంకో చిన్న ముక్క విడిగా ఇవ్వాలి. దాన్ని స్వాప్ అంటారు. ఇల్లు ఇరుకైతే వాడని సామాను అటుక మీదికి ఎక్కించి, కావలసినప్పుడు దించుకుంటాం కదా. ర్యామ్ చాలని మిషన్‌కు స్వాప్ అటువంటి అటుక. విండోస్ తన అటుకను తన గదిలోనే కట్టుకుంటుంది. లినక్స్‌కు మాత్రం వేరే చోటు చూపించాలి. రెండు లినక్స్‌లు ఒకేసారి నడవవు కాబట్టి రెండింటికీ కలిపి ఒకే స్వాప్ చాలని ఎక్కడో చదివాను. ఇరవై జీబీల డిస్కులో అర జీబీ మిగిలినా మిగిలినట్టే. ఒక్క స్వాపే పెట్టాను.

మొదటి లినక్స్ చక్కగా కూర్చుంది. రెండోదీ కూర్చుంది. ఆ మరునాటి నుంచి మొదటిది నత్తలా నడవసాగింది. తెర మీద రెండు కిటికీలు తెరిస్తే మూడోది తెరవలేక గుడ్లు తేలేసేది. సార్ వచ్చి వెనక నిలబడి చూశాడు.

"సూసినవా. ఒక్క ఒరల రెండు కత్తులు పట్టయ్. ఒకదాన్ని పీకెయ్యి."

"పీకను సార్. ఎందుకిట్ల అయిందో సూస్త."

వారం రోజులు చూశాను. మెమరీ ఎంత ఉందో చెప్పే చిన్న కమాండ్ ఒకటి ఉంటుంది. అది కొడితే స్వాప్ వరుసలో సున్నాలు కనిపించాయి. అటుక ఉంది గాని మొదటి లినక్స్‌కు అది కనబడటం లేదు. మరో రెండు రోజులకు కారణం దొరికింది. రెండో లినక్స్ ఎక్కేటప్పుడు స్వాప్‌ను తుడిచి మళ్లీ తయారు చేసింది. ప్రతి ముక్కకూ ఉండే పొడవాటి గుర్తు నంబరు దాంతో మారిపోయింది. మొదటిది పాత నంబరు పట్టుకుని వెతుక్కుంటోంది. ఇల్లు అదే, తలుపు మీద నంబరు మారింది. మొదటి లినక్స్‌లోని ఒక ఫైల్ తెరిచి పాత నంబరు కొట్టేసి, కొత్తది ఒక్కో అక్షరం చూసుకుంటూ రాశాను. ఆపి మళ్లీ పెడితే సున్నాల చోట అంకెలు వచ్చాయి. సార్‌ను పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు కిటికీలు తెరిచి చూపించాను, అంతే. ఆయన "ఊఁ" అని లేచిపోయాడు. సొరుగు తాళం మాత్రం అలాగే ఉంది.

తరువాత కొన్ని నెలలకు పెద్ద సమ్మె వచ్చింది. రాష్ట్రం కోసం బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లో నిలిచిపోయాయి, బొగ్గు బాయిలు బందయ్యాయి. కరెంటు రోజుకు కొన్ని గంటలే వచ్చేది. మా సెంటర్ షట్టర్ కూడా దించేశారు. అప్పుడే సిరిసిల్ల నుంచి నా స్నేహితురాలు ఫోన్ చేసింది. జగిత్యాల హాస్టల్లో మేమిద్దరం మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం. వాళ్లది నేతపని ఇల్లు. వాళ్ల నాన్న సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, కార్మికుడు. అది ఒక చిన్న బడిలో టీచరు, బడి లేక ఇంట్లోనే ఉంది.

"సాంచెలు బందున్నయే. ఆడోళ్లంత ఖాళీగ కూసున్నరు. మా బాపు పని జేసే షెడ్డు ఖాళీనే, సావుకారి సరే అన్నడు. నీ పాత డబ్బలు పట్టుకరారాదు, గిప్పుడన్న నేర్సుకుంటరు."

సార్ ఇంటికి పోయి ఆ మూడు మిషన్లూ అడిగాను. ఆయన తీసుకుపొమ్మన్నాడు. దాంతో పాటు సలహా కూడా ఇచ్చాడు.

"గని ఆళ్లకు మూడు సిస్టమ్‌లెందుకమ్మా? నూలు కండెలు సుట్టేటోళ్లు, బీడీలు సేసేటోళ్లు. ఒక్కటి ఎక్కియ్యి. గదే ఎక్కువ."

"ఎన్ని కావాల్నో ఆళ్లే చెప్తరు సార్" అని పెట్టెలు మోసుకొచ్చాను.

ట్రాలీ ఆటోలో మానిటర్లను బొంతల్లో చుట్టి పడుకోబెట్టి, వాటి నడుమ నేను కూర్చుని బయల్దేరాను. చందుర్తి దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. దాన్ని వంటావార్పు అనేవాళ్లు. ఊరు ఊరంతా రోడ్డు మీద వండుకుని అక్కడే తినడం. ఒక పెద్దాయన గరిటె చేత్తో పట్టుకునే వచ్చి బొంత ఎత్తి చూశాడు.

"గివేంది?"

"కంప్యూటర్లే పెద్దనాయినా."

"ఎవలియి?"

"సిరిసిల్ల ఆడోళ్లయి."

ఆయన ఆ మాటను నోట్లో వేసుకుని ఒకసారి నమిలినట్టు చూశాడు. "అయితే తిని పో. తినకుంట గీ రోడ్డు దాటనియ్య" అన్నాడు. పప్పు, అన్నం, పచ్చిపులుసు. విస్తరి పట్టుకుని తారు రోడ్డు మధ్యలో కూర్చుని తిన్నాను. నా పక్కన కూర్చున్నవాళ్లెవరో, వాళ్ల కులమేదో నన్నెవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మా నాయనమ్మకు ఈ సంగతి చెప్పాలని ఆ క్షణంలో అనిపించింది. ఆమె అప్పటికే లేదు.

సిరిసిల్లలో షెడ్డు నిండా నాలుగు సాంచెలు నూలు దుమ్ము కప్పుకుని నిలబడి ఉన్నాయి. వాటి మధ్య బల్లలు వేసి మిషన్లు పెట్టాం. ఒకదాంట్లోనే మూడు సిస్టమ్‌లూ ఉన్నాయి, మిగతా రెండింటిలో అక్కడే ఎక్కించాలి. కరెంటు పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, మళ్లీ మధ్యాహ్నం రెండు గంటలు. పొద్దున ఆరింటికే పదిమంది ఆడవాళ్లు నా చుట్టూ చేరారు. తెలుగు మెనూల సీడీ పెట్టాను. కొన్ని ప్రశ్నలయ్యాక తెర మీద ఒక ప్రశ్న నిలిచింది. నా స్నేహితురాలి వదిన, అంటే వాళ్ల అన్న భార్య, కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"డిస్కు... విభజన... చేయాలా. అవును. కాదు."

షెడ్డంతా నవ్వే.

"గిదడుగుడెందుకు? గదానికే గదా రోడ్డు మీద కూసున్నది" అంది ఒకామె.

"అవును మీద గొట్టు టీచరమ్మా, సర్కారు లెక్క అది మల్ల మనసు మార్సుకుంటది" అంది వదిన. ఆమెతోనే కొట్టించాను. ఆమె చూపుడు వేలుతో కాదు, సాంచె ఆపే మీట నొక్కినట్టు బొటనవేలుతో గట్టిగా నొక్కింది.

ఎన్ని సిస్టమ్‌లు కావాలో నేను వాళ్లనే అడిగాను. మూడింటినీ తెరిచి చూపించాను. వదినకు తెలుగుది కావాలి. తన బడిపిల్లల కోసం నా స్నేహితురాలికి లెక్కల ఆటలది కావాలి. ఇద్దరు ముగ్గురు ఇంటర్ చదివిన అమ్మాయిలకు షాపుల్లో పని కోసం విండోస్ కావాలి. మూడూ ఉంచాం. స్వాప్ మాత్రం కోరుట్లలో నేర్చుకున్నట్టే ఒక్కటే పెట్టాను, నంబర్లు కూడా సరిచూసి రాశాను. నాకు తెలిసిందంతా సరిగ్గా చేశాను. తెలియనిది ఇంకొకటి ఉందని తెలియలేదు.

ఊరి చౌరస్తాలో దీక్షా శిబిరం నడుస్తోంది. రోజుకో రకం పనివాళ్లు వచ్చి కూర్చునేవారు. బీడీలు చుట్టేవాళ్లు, కండెలు చుట్టేవాళ్లు కలిసి ఆడవాళ్ల రోజు ఒకటి వచ్చే వారంలో ఉంది. ఆ రోజు చదవడానికి తమ కాగితం తామే రాసుకోవాలని వాళ్లు అనుకున్నారు. ఒక్కొక్కరు వచ్చి చెబుతారు, నా స్నేహితురాలు టైపు చేస్తుంది. పెద్ద ఆఫీసు ప్రోగ్రాం ఆ పాత మిషన్ మీద నడవలేకపోతోందని, మొదటి లినక్స్‌లో ఉండే, అక్షరాలు మాత్రమే రాసుకునే చిన్న ప్రోగ్రాంలో రాయమన్నాను.

మా దగ్గర ఒక్కటే పాత యూపీఎస్ ఉండేది. కరెంటు పోయాక అది మిషన్‌ను అయిదు నిమిషాలు నడిపేది. ఆ అయిదు నిమిషాల్లో మిషన్‌ను నిద్రపుచ్చే పద్ధతి నేను చూపించాను. తెర మీద ఉన్నదంతా, రాస్తున్న వాక్యం సగంలో ఉంటే ఆ సగంతో సహా, మిషన్ దాన్ని స్వాప్‌లో దాచుకుని ఆరిపోతుంది. కరెంటు వచ్చాక తెరిస్తే వదిలిన చోటే నిలబడి ఉంటుంది. మొదటిసారి అలా తిరిగి వచ్చినప్పుడు ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. రెండు మూడు సార్లకు మాకు దాని మీద ఎంత నమ్మకం కుదిరిందంటే, ఫైల్ సేవ్ చేయడం మానేశాం. పదిమందికి పాఠం చెప్పే నాకే అది గుర్తు రాలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

రాత మొదలైన మూడో రోజు మధ్యాహ్నం పెద్దమ్మ వచ్చింది. షెడ్డు వెనకింట్లో ఉండే బీడీలు చుట్టే మనిషి, అరవై దాటినామె. అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవారు. ఆమె ఒక్కగానొక్క కొడుకు సాంచెల మీద పనిచేసేవాడు, నాలుగేళ్ల కిందట చనిపోయాడు. ఎట్లా చనిపోయాడో ఆ వాడలో అందరికీ తెలుసు. ఆమె ముందు ఎవరూ ఆ మాట ఎత్తరు. ఆమె కూడా అన్నేళ్లలో ఎన్నడూ ఎత్తలేదట. ఆ రోజు వచ్చి సాంచె పక్కన నేల మీద కూర్చుని, ఒళ్లో బీడీల చాట లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వాటిని చూసుకుంటూ, తనంతట తానే మొదలుపెట్టింది. రెండు గంటల కరెంటులో ఎక్కువ భాగం ఆమెదే. ఏడుస్తూ చెప్పింది. టైపు చేస్తున్న నా స్నేహితురాలూ ఏడ్చింది. కరెంటు పోయింది. మిషన్‌ను నిద్రపుచ్చి ఎవరిళ్లకు వాళ్లం పోయాం.

మరునాడు పొద్దున నేను షెడ్డుకు వచ్చేసరికి ఆరున్నర. వదిన నాకంటే ముందే వచ్చి అభ్యాసం చేసుకుంటోంది. రోజూ ఆమె కూర్చునే మిషన్ దగ్గర ఇంకెవరో ఉంటే, రాసే మిషన్ ఖాళీగా ఉందని దాని ముందు కూర్చుంది. లెక్కల ఆటలు నేర్చుకుని తన బిడ్డకు నేర్పుదామని జాబితాలో రెండో లినక్స్ ఎంచుకుంది. అది తెరుచుకునేటప్పుడు తెర మీద ఇంగ్లిష్‌లో ఒక వరుస పోయిందని, తనకు చదవరాలేదని తరువాత చెప్పింది. ఆ వరుస ఏమిటో నాకు తరువాత తెలిసింది. నిద్రపుచ్చిన సమాచారం కనిపించింది, స్వాప్ గుర్తును తిరిగి రాస్తున్నాను అని దాని అర్థం. రెండో లినక్స్ తప్పేమీ చేయలేదు. అటుక తనదే అనుకుంది, ఎక్కి, దాచినవి తీసేసి సర్దుకుంది.

నేను మొదటి లినక్స్ తెరిచాను. ఖాళీ తెర వచ్చింది. ఫైల్ తెరిస్తే మొదటి రోజు రాసిన పేజీ ఒక్కటే ఉంది. రెండు రోజుల మాటలు లేవు. పెద్దమ్మ మాటలు లేవు. గంటసేపు తెలిసినవన్నీ చేసి చూశాను. లేవు.

"నేనే పాడు జేసిన. నాకెందుకు గీ సదువు" అని వదిన లేచి పోబోయింది. చెయ్యి పట్టి ఆపాను.

"నువ్వు పాడు జెయ్యలే. ఇద్దరికి ఒక్క అటుక గట్టింది నేను. కూసో."

ఏదైనా దారి ఉందేమోనని కోరుట్ల సార్‌కు ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నాడు.

"పోయింది ఇగ రాదమ్మా. చెప్తే ఇన్నవా? మూడెందుకంటిని. ఇప్పుడన్న అన్నీ పీకేసి ఒక్కటే ఉంచు. ఆళ్లకు గంతే చాలు."

ఆయన చెప్పిన సంగతి సగం నిజం. పోయినవి రావు. మిగతా సగానికి నా ఒళ్లు మండింది. తప్పు జరిగింది నా చేతిలో. దానికి శిక్ష వాళ్లకెందుకు? పదేళ్ల నుంచి కండెలు చుడుతున్న ఆడమనిషి ఒక తెలియని గుండీ నొక్కి చూసినందుకు, ఆ గుండీయే లేకుండా చేయాలా?

"చాలదు సార్. మూడు ఉంటయ్. స్వాప్‌లు రెండు పెడ్త" అని ఫోన్ పెట్టేశాను.

కానీ దానికంటే ముందు పెద్దమ్మకు చెప్పాలి. నేను, నా స్నేహితురాలు కలిసి వెళ్లాం. ఆమె గడపలో కూర్చుని తునికాకు కత్తిరిస్తోంది. దారి పొడుగునా ఎన్నో మాటలు కూర్చుకున్నాను గాని, అక్కడికి పోయాక ఒకటే వచ్చింది.

"పెద్దమ్మా, నిన్న నువ్వు చెప్పింది పోయింది. నా తప్పే."

"ఏం పోయింది?"

"నీ మాటలు. కంప్యూటర్లకెల్లి పోయినయ్."

ఆమె కత్తెర ఆపి నా వంక చూసింది. కోపం వస్తుందనుకున్నాను, లేదా ఏడుపు.

"కంప్యూటర్లకెల్లి పోతే పోయినయ్. నా నోట్ల ఉన్నయ్ గద. నిన్న ఏడ్సుకుంట చెప్పిన, సగం యాదికి రాలే. ఇయ్యాల ఏడ్వ. నడు, రాయి."

మధ్యాహ్నం కరెంటు కోసం కూడా ఆగలేదు. కాగితం మీదే రాశాం. ఆమె చెప్పింది నేను ఇక్కడ మొత్తం రాయను, అది ఆమెది. కొంచెం మాత్రం చెబుతాను, ఎందుకంటే దాన్ని ఆమె తరువాత వందలమంది ముందు చెప్పింది. "మూడొద్దులు పని లేదు. నాలుగోనాడు నా కొడుకు ఇంటికి అచ్చిండు. బువ్వ తిన్నడు. ఎన్నడు లేంది కంచం కడిగి బోర్లేసిండు." నిన్నటి మాటలు అక్కడితో ఏడుపులో కలిసిపోయాయి. ఈ రోజు ఆమె ఆగలేదు. "తెల్లారి ఎవలెవలో అచ్చిండ్రు. తాగుతడా అని అడిగిండ్రు. గదొక్కటే అడిగిండ్రు. రాయి బిడ్డా, పెద్దగ రాయి. నా కొడుకు తాగలే. పని అడిగిండు."

నా స్నేహితురాలు ఆ రెండు వాక్యాలనూ పెద్ద అక్షరాల్లో రాసింది.

మిగతా ఆడవాళ్లు కూడా మళ్లీ వచ్చారు. ఎవరూ విసుక్కోలేదు. పోయాయని తెలిసినందుకో ఏమో, రెండోసారి అందరూ ముందుకంటే గట్టిగా, సూటిగా చెప్పారు. నేను తరువాతి రెండు రోజులు పొద్దున కరెంటు ఉన్నంతసేపు డిస్కుల దగ్గరే కూర్చున్నాను. ఒక్కో మిషన్‌లో రెండో లినక్స్ ముక్కను కొంచెం కుదించి, మిగిలిన చోట కొత్త స్వాప్ కట్టాను. ఎవరి స్వాప్ నంబరు వారి ఫైల్‌లోనే రాశాను. నిద్ర నుంచి లేచేటప్పుడు ఎక్కడ వెతకాలో చెప్పే ఇంకో ఫైల్ ఉంటుంది, దాంట్లోనూ మార్చాను. వదినను పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి అడుగూ ఆమెకు చెబుతూ చేశాను. మూడో మిషన్ ఆమే చేసింది, నేను చేతులు కట్టుకుని చూశాను. ఆ తరువాత పరీక్ష పెట్టాం. మొదటి లినక్స్‌లో నాలుగు వాక్యాలు రాసి నిద్రపుచ్చి, రెండోది తెరిచి ఆటలాడి మూసి, మళ్లీ మొదటిది లేపాం. నాలుగు వాక్యాలూ ఉన్నాయి. అయినా సేవ్ చేయకుండా ఎవరూ కుర్చీ దిగొద్దని చెప్పాను. నాక్కూడా అదే చెప్పుకున్నాను.

ఆడవాళ్ల రోజు వచ్చింది. శిబిరం చూసుకునే లెక్చరర్ ఒకాయన కాగితం ముందుగా చదువుతానని తీసుకున్నాడు. మంచివాడే, ఉద్యమం కోసం జైలుకు కూడా పోయి వచ్చాడని చెప్పారు. ఎర్ర పెన్ను తీసి దిద్దడం మొదలుపెట్టాడు. అచ్చిండు కొట్టేసి వచ్చాడు అని రాశాడు. బువ్వ కొట్టేసి భోజనం అని రాశాడు.

"పేపరోళ్లకు ఇచ్చేది గదమ్మా. మంచి తెలుగుల ఉంటే మనకే విలువ" అన్నాడు నాతో.

పెద్దమ్మ ఆయన పక్కనే నిలబడి ఉంది. ఆమెకు చదవడం రాదు, అందుకే ఏం రాస్తున్నాడో చెప్పమని నా స్నేహితురాలిని అడిగింది. అది చెప్పింది.

"వచ్చాడు అన్నోడు ఎవలో నాకు తెల్వది సారూ" అంది పెద్దమ్మ. "నా కొడుకు అచ్చిండు."

ఆయన పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఇంకో కాపీ ఉన్నదా, కొట్టివేతలు లేంది?" అని అడిగాడు. ఉంది. దాన్నే చదివారు. నా స్నేహితురాలు చదివింది. పెద్దమ్మ వంతు వచ్చినప్పుడు అది చదవడం ఆపేసింది, పెద్దమ్మ తన మాటలు తానే చెప్పింది. మైకు ఆమెకు అలవాటు లేదు, దూరంగా పెట్టుకుంది. అయినా చౌరస్తా అవతలి దాకా వినిపించింది.

ఈ సంగతులన్నీ నేనిప్పుడు పుస్తకాల తెలుగులోనే రాస్తున్నానని నాకు తెలుసు. బడి నేర్పిన చెయ్యి అది, తిప్పుకోవడం కష్టం. కానీ ఆమె మాటను మాత్రం మార్చలేదు. మార్చే హక్కు నాకు లేదు.

సమ్మె ముగిసి బస్సులు తిరగసాగాక కోరుట్లకు వచ్చాను. మిషన్లు సిరిసిల్లలోనే ఉన్నాయి. సార్ మళ్లీ టైపింగ్ క్లాసుకు రమ్మన్నాడు. హార్డ్‌వేర్ క్లాసు నాకిస్తేనే వస్తానన్నాను.

"మొగపోరగాండ్లు నీ దగ్గర కూసోరమ్మా."

"కూసోకుంటే నిలవడి వింటరు సార్."

ఆయన నా ముఖంలోకి చూశాడు, బేరం ఆడేది లేదని అర్థమైనట్టుంది. సొరుగు తెరిచి సీడీలన్నీ బయట పెట్టాడు. మొదటి రోజు పదకొండు మంది వచ్చారు, ముగ్గురు ఆడపిల్లలు. ఎనిమిది మంది మగపిల్లల్లో ఒకడు లేచి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు కూర్చునే విన్నారు. మొదటి పాఠమే స్వాప్ గురించి చెప్పాను. నేనెలా పోగొట్టానో కూడా దాచకుండా చెప్పాను.

రాష్ట్రం వచ్చింది. సాంచెల వాళ్ల బతుకులు అంత తొందరగా మారలేదు, ఆ సంగతి అడిగితే పెద్దమ్మ నాకంటే బాగా చెబుతుంది. కొన్నేళ్ల తరువాత సిరిసిల్లకు పోయినప్పుడు షెడ్డుకు కూడా వెళ్లాను. మూడింటిలో ఒక మిషన్ అప్పటికే చచ్చిపోయింది. మిగతా రెండు నడుస్తున్నాయి. వదిన అక్కడ వాడ ఆడవాళ్లకు కంప్యూటర్ నేర్పుతోంది. స్విచ్ వేసి చూపించింది. జాబితాలో నాలుగు పేర్లు వచ్చాయి. నేను ఎక్కించినవి మూడే.

"నాలుగోది ఎవలు ఎక్కిచ్చిండ్రు?" అన్నాను.

"ఎవలెక్కిస్తరు? నేనే" అంది ఆమె. "జాగ ఉన్నది గద."